వాలు లేని చోట

ఆ రోజుల్లో ఎం.ఫిల్. చేసిన కుర్రాడికి తన సిద్ధాంతం తప్ప లోకంలో మరేదీ ఆనేది కాదు. నాది భిన్నాల గోల: పైన ఒక ప్రమేయం, అదే ఫంక్షను, కింద ఇంకో ప్రమేయం. గీత గీస్తే రెండూ ఎంత పద్ధతిగా వంగినా, భాగిస్తే వచ్చేది ఆ వంపును నిలుపుకోదు. అయినా ఒక మంచి గుణం మిగులుతుంది. దాని వాలు ఎక్కడ సున్నా అయితే అదే అట్టడుగు, మధ్యలో మోసపు గుంటలుండవు. (ఈ ఒక్క ముక్క రుజువు చేసేదాకా మా అమ్మ నా పెళ్లి మాట ఎత్తలేదు.)

దివిసీమలో ఒక కాలేజీలో లెక్చరర్ పోస్టు ఖాళీ ఉందని అక్కడ గుమాస్తాగా చేస్తున్న మావయ్య కబురు పెట్టాడు. అది రాకపోతే నాకు బందరులో ట్యూషన్లే గతి. "ఇంటర్ లెక్కేదన్నా చెప్పి బయటపడరా, నీ పైత్యం ఇక్కడొద్దు" అని బస్టాండులోనే హెచ్చరించాడు. నేను వింటేగా.

డెమో క్లాసులో ముందు బెంచీ మీద కరస్పాండెంట్ గారు కూర్చున్నారు. పెద్ద వయసు రైతు, ఒళ్లో చేతికర్ర. ఆయన కోసమని సాగు ఖర్చు పైన, దిగుబడి కింద వేశాను. "బస్తాకి పడే ఖర్చు ఎక్కడ తక్కువో చూడాలండి. కొండ దిగుతున్నామనుకోండి. నేల చదునైతే అదే అడుగు."

"మా పిల్లలు కొండ చూళ్లేదు బాబూ. ఇక్కడంతా చదునే. మరి మీ లెక్కన ఏది అడుగు?"

పిల్లలు నవ్వారు. తలుపు దగ్గర మావయ్య కళ్లు మూసుకున్నాడు. సిద్ధాంతాన్ని కాపాడుకునే తొందరలో "అంతా చదునైతే ప్రతి చోటూ అడుగేనండి" అన్నాను. లెక్క ప్రకారం అది నిజం కూడా.

ఆయన ఒళ్లోని చేతికర్ర తీసి నేలకి ఆనించారు. "నిజమే బాబూ. ఉప్పెన వచ్చినప్పుడు మా ఇంటిల్లిపాదీ ఎత్తుచోటు కోసం వెతుక్కున్నాం. ఎటెళ్లినా అడుగే. తాటిచెట్టు పట్టుకుని నేనొక్కణ్ణే మిగిలాను."

ఉద్యోగం సంగతి అటుంచి, అక్కణ్ణించి మాయమైతే చాలనిపించింది. ఆయనే "మిగతాది చెప్పండి" అన్నారు. ఏం చెప్పానో గుర్తులేదు.

ఉద్యోగం ఇచ్చారు. షరతు ఒక్కటే: ఏటా పిల్లల్ని కొండపల్లి తీసుకెళ్లి కొండెక్కించాలి. మొదటి ఏడాది ఆయనా వచ్చారు. ఆగి ఆగి పైదాకా ఎక్కి, కిందికి చాలాసేపు చూశారు.

"ఇక్కడిదాకా నీళ్లు రావు కదూ?"

"రావండి" అన్నాను.

ఇప్పుడు నా మోకాళ్లు ఆ కొండకి ఒప్పుకోవడం లేదు. సగంలో కూర్చుని, చాక్‌పీసు పట్టుకుని విర్రవీగిన ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది. ఇన్నేళ్ల పాఠాల్లో రుజువు లేకుండా నేను ధైర్యంగా చెప్పిన మాట, కొండ మీద ఆయనతో అన్న ఆ "రావండి" ఒక్కటే.