ఎలిశబెతు గుప్పెడు

"పిడికిలి బిగించండమ్మా," అన్నాడు డాక్టర్ సుశీల్ కుమార్.

ఎలిశబెతు కుడిచేతికున్న బిగుతు గ్లవుజు ఊడదీసి పిడికిలి బిగించింది. నాలుగు వేళ్ళూ వంగి, అరచేతిని తాకకముందే ఆగిపోయాయి. ఆయన చిన్న స్కేలు పెట్టి ఆ ఎడం కొలిచాడు. పోయిన నెల కాగితం చూసీ చూడకుండా తిరగేసి, "బ్రహ్మాండం. చాలా ఇంప్రూవ్‌మెంట్ ఉంది," అన్నాడు. నొప్పి పదికి ఎంతుందని అడిగాడు.

"నొప్పి లేదు సార్. దురద. చేతికీ, చర్మం తీసిన తొడకీ రెండింటికీ. గోక్కుందామంటే భయం, గోక్కోకపోతే ప్రాణం పోతుండాది."

"దురద మామూలే. కొబ్బరినూనె రాస్తా ఉండండి." నొప్పి గడిలో సున్నా వేశాడు. దురదకు ఆ కాగితంలో గడి లేదు.

"ఇంకొకటి సార్. గుప్పెట్లో ఉప్పు నిలవడంలా."

ఆయన నవ్వాడు. "స్పూనుతో వేసుకోండమ్మా. తర్వాత ఎవరు?"

మంచివాడే పాపం. ఆయన బల్ల మీద ఇంకా నలభై ఫైళ్ళున్నాయి. కానీ ఎలిశబెతుకు మాత్రం ఆ స్పూను మాటకు చిర్రెత్తుకొచ్చింది. కొడవలూరు నుంచి బస్సులో కిలో కళ్ళుప్పు సంచిలో మోసుకొచ్చింది, ఆయన ముందు గుప్పెడు తీసి చూపిద్దామని. సంచి మూతి విప్పే లోపలే వెనకనున్నాయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

ఉప్పుకింత గోలేమిటని మీకూ అనిపించవచ్చు. చెబుతాను. కొడవలూరులో ఎలిశబెతు వెళ్ళే చర్చిలో శుక్రవారం ఉపవాస ప్రార్థన. పొద్దుటి నుంచి ఎవరూ ఏమీ ముట్టరు. మూడు గంటలకు ఆమెన్ అన్నాక రెండు వందల మంది చాపల మీద వరసగా కూర్చుని అన్నం, పప్పుచారుతో ఉపవాసం విడుస్తారు. ఆ వంట పంతొమ్మిదేళ్ళుగా ఎలిశబెతుది. వండే మనిషికీ ఉపవాసమే కాబట్టి చుక్క నాలుక మీద వేసుకుని ఉప్పు చూసుకోవడానికి వీల్లేదు. పక్కనున్న వాళ్ళను చూడమనడానికీ లేదు, అందరూ ఉపవాసమే. అంతా చేతి కొలతే. ఇసకపల్లి కళ్ళుప్పు మూటలో చెయ్యి దించి, పిడికిలి బిగించి పైకి తీస్తే అందులో నిలిచినంత ఒక గుప్పెడు. పప్పుచారు కాగే పెద్ద గుండిగకు ఎనిమిది గుప్పిళ్ళు. పంతొమ్మిదేళ్ళలో ఒక్కసారి కూడా తప్పలేదు. భోజనాల ముందు ప్రార్థనలో అందరూ కళ్ళు మూసుకుంటే ఈవిడ ఒక కన్ను తెరుచుకునే ఉండేది, మొదటి ముద్ద ఎవరు పెట్టుకుంటారో, మొహం ఎలా పెడతారో చూద్దామని. గర్వం పాపమని తెలుసు. అయినా తెరిచేది.

పోయిన మే నెలలో గంజి వారుస్తుంటే గుండిగ పట్టుకున్న పాత చీర ముక్క జారింది. మరిగే గంజంతా కుడిచేతి వెనక నుంచి మోచెయ్యి దాకా పారింది. నెల్లూరు ఆసుపత్రిలో నలభై రోజులుంది. తొడ మీది చర్మం తీసి చేతి వెనక అతికించారు. అదిప్పుడు గట్టిగా బిగదీసుకుపోయి వేళ్ళను పూర్తిగా వంగనివ్వదు. వచ్చినవాళ్ళందరూ ఒకటే మాట. బాగైపోతుంది. డాక్టరూ, నర్సులూ, పాస్టరుగారూ, పండ్లు తెచ్చిన చుట్టాలూ అందరూ అదే అన్నారు. ఎప్పటికి, ఎంతవరకు అని మాత్రం ఒక్కరూ చెప్పలేదు.

నవంబరులో మళ్ళీ పొయ్యి దగ్గరికి వచ్చింది. అలవాటుగా ఎనిమిది వేసింది. మొదటి ముద్దలకే మొహాలు మాడిపోయాయి. వంగని వేళ్ళ సందుల్లోంచి సగం ఉప్పు మూటలోకే జారిపోయిందని అప్పుడు తెలిసింది. సంఘ పెద్ద జీవానందంగారు ఏమీ అనకుండా జేబులోంచి ఊరగాయ పొట్లం తీశారు. తిట్టినా బాగుండేదనుకుంది ఎలిశబెతు. తల కొట్టేసినట్టయింది.

ఆదివారం ఉపవాసం లేదు కనుక నాలుకతో చూసుకుంటూ లెక్క తేల్చింది. పద్నాలుగు. రెండు నెలలు హాయిగా నడిచింది. ఈలోగా ఆసుపత్రి వాళ్ళు చెప్పిన కసరత్తులన్నీ వదలకుండా చేసింది. ఏడుస్తూ చేసింది. దాంతో చెయ్యి కొంచెం సాగింది. గుప్పెట్లో ఉప్పు ఎక్కువ పట్టడం మొదలైంది. ఫిబ్రవరిలో డాక్టరు మొదటిసారి ఇంప్రూవ్‌మెంట్ అని రాసిన వారమే పప్పుచారు ఉప్పు కషాయమైంది. రెండు వందల మంది బిందెలు బిందెలు నీళ్ళు తాగారు. చెయ్యి బాగుపడే కొద్దీ వంట చెడుతుంటే ఆ మనిషి ఎవరితో చెప్పుకోవాలి?

"ఎడం చేత్తో వెయ్యక్కా, అది బాగానే ఉండాది గదా," అంది తోడికోడలు రెజీనా.

"దేవుని మందిరంలో అన్నానికి ఎడం చేత్తో ఉప్పేస్తానా? బుద్ధుండే మాట్లాడుతుండావా?"

"పోనీ గ్లాసుతో కొలువు."

"గ్లాసుతో అయితే నువ్వూ వేస్తావు. ఇంక నేనెందుకు?"

మొండిదే, కాదనను. కానీ అక్కడే ఉన్న జీవానందంగారు 'నువ్వూ వేస్తావు' అన్న మాటే పట్టుకున్నారు. "శుభ శుక్రవారం చుట్టుపక్కల సంఘాలన్నీ వస్తాయి ఎలిశబెతమ్మా. అప్పుడు కూడా తేడా వస్తే ఇంక పొయ్యి రెజీనాకు అప్పగించేద్దాం. నువ్వూ రెస్టు తీసుకో," అన్నారు. రెస్టట. పంతొమ్మిదేళ్ళ పొయ్యి అది. ఆ ఆదుర్దాతోనే ఈవేళ ఉప్పు మోసుకుని ఆసుపత్రికి వచ్చింది.

డాక్టరు గది నుంచి నేరుగా కసరత్తుల గదికి పోయి, సంచి బల్ల మీద ధబీమని పెట్టింది. ఫిజియోథెరపిస్టు క్యాథరిన్ ఉలిక్కిపడింది. ఆ పిల్ల రబ్బరు బంతి చేతికివ్వబోతే తోసేసింది.

"బంతి వద్దు పాపా. పది నెలల నుంచి పిసుకుతుండా. బంతులు వండి పెడతానా నేను? నాకు నా గుప్పెడు కావాల. ఎప్పుడొస్తుందో చెప్పు."

క్యాథరిన్ బంతి పక్కన పెట్టి, ఆమె చెయ్యి తన చేతిలోకి తీసుకుంది. అతికిన చర్మం వేలితో నెట్టి చూసింది, మళ్ళీ చూసింది. మూడు నెలల కాగితాలు వరసగా పెట్టుకుంది. తర్వాత నెమ్మదిగా అంది. "పాత గుప్పెడు రాదక్కా. ఆరు వారాల నుంచి కొలత మారలేదు. మళ్ళీ ఆపరేషన్ చేస్తే తప్ప ఇంక పెద్దగా సాగదు. కసరత్తు మానితే మాత్రం వెనక్కి పోతుంది."

ఎలిశబెతుకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. "ఆరు వారాల నుంచి మీకు తెలుసా? అందరూ బాగైపోతుంది, బాగైపోతుంది అంటిరే! ఇంతే అని ఒక్కరు చెప్పుంటే నా లెక్క నేను చూసుకోనా? ఊరందరి ముందూ పరువు పోయేదా?"

"చెప్పుండాల్సింది," అంది క్యాథరిన్. సమర్థించుకోలేదు. ఉప్పు లెక్కా, ఎడం చెయ్యి ఎందుకు వాడదో అంతా అడిగి తెలుసుకుని, ఒక స్టీలు గిన్నె తెచ్చి ముందు పెట్టింది. "ఎడం గుప్పెడు మీ పాత కుడి గుప్పెడంతే గదా. దాంతో ఎనిమిది వెయ్యండి. ఇది గుండిగ కాదులే."

ఎనిమిది వేశాక గిన్నె లోపల ఉప్పు ఎంతవరకు వచ్చిందో పెన్నుతో గీత పెట్టింది. ఉప్పంతా సంచిలో తిరగబోసి, ఈసారి కుడిచేత్తో వెయ్యమంది. పదకొండో గుప్పెటికి గీత అందింది. మళ్ళీ చేశారు. పదకొండే. మూడోసారీ పదకొండే. గదంతా ఉప్పు చిందింది. పక్క మంచం మీది ముసలాయన కసరత్తు ఆపేసి తనూ లెక్కపెట్టాడు.

శుభ శుక్రవారం ఎలిశబెతు గ్లవుజు తీసి, చెయ్యి కడుక్కుని, పైకి లెక్కపెడుతూ గుండిగకు పదకొండు చొప్పున వేసింది. రెజీనా ఎందుకైనా మంచిదని గ్లాసు పట్టుకుని నిలబడితే కళ్ళతోనే అవతలికి తరిమింది. మూడయింది. పాస్టరుగారి ప్రార్థన ఎప్పటికీ ముగియదేమో అనిపించింది. మళ్ళీ తొడుక్కున్న గ్లవుజు కింద చెయ్యి దురద పెట్టి చంపుతోంది. ఒక కన్ను తెరిచే ఉంచింది.

ఆమెన్. జీవానందంగారు మొదటి ముద్ద పెట్టుకున్నారు. నమిలారు. చెయ్యి జేబు వైపు పోలేదు. రెండో ముద్ద పెట్టుకుని మొహం చిట్లించారు. ఎలిశబెతు ఒక అడుగు ముందుకు వేసింది.

"అన్నం కొంచెం పలుకుగా ఉండాది ఎలిశబెతమ్మా," అన్నారాయన.

ఆమె గరిటె తీసుకుని ఆయన విస్తరి దగ్గరికి పోయి, అడక్కుండానే ఇంకో గరిటెడు పప్పుచారు పోసింది.