మూడో చాటింపుకు బాన్సువాడ పోయివచ్చిన వైనం

"అక్కా, ఆదివారం మూడో చాటింపు. తమ్ముడు గుళ్లె లేచి అడ్డం చెప్తనంటుండు. నువ్వు రాకుంటే నా బిడ్డ పెండ్లి ఆగుతది" అని మా చెల్లెలు మార్త కబురు పంపింది. డెబ్బైలనాటి మాట. నేను నిజామాబాద్‌లో ఉండేదాన్ని. శనివారం పొద్దున బస్టాండుకు పోయాను.

బాన్సువాడకు వర్ని మీదుగా ఎర్ర బస్సు పోతుంది. ఎనిమిదింటి బస్సుకు కాస్త ముందే పోతే కూర్చోను చోటుంటుంది. నేను ఆలస్యంగా పోయాను. కాళ్ల దగ్గర కోళ్ల బుట్ట పెట్టుకున్న ఒక తండా అవ్వ జరిగి చోటిచ్చింది.

"ఏడికి బిడ్డా?" అంది.

మా చర్చిలో పెండ్లికి ముందు మూడు ఆదివారాలు అయ్యగారు పిల్లా పిల్లవాడి పేర్లు అందరి ముందు చదువుతారని, ఎవరికైనా అడ్డు తెలిస్తే చెప్పమంటారని, దాన్నే చాటింపు అంటామని చెప్పాను. అవ్వ బుగ్గ మీద చెయ్యి పెట్టుకుంది.

"మూడు మార్లు అడుగుతరా? మా తండాల ఒక్కపారి అడిగితేనే పది మంది లేస్తరు!"

చుట్టుపక్కల వాళ్లు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. లేస్తానంటున్నది నా తమ్ముడు యాకోబు. అమ్మ పోయాక నా చంకలో పెరిగినవాడు.

మార్త బిడ్డ సుగుణ పుట్టిననాడే వాడు "ఇది నా ఇంటి కోడలు" అన్నాడు. మేనమామ అన్నాక అంటాడులే అని అందరం ఊరుకున్నాం. సుగుణ మెదక్‌కు పోయి నర్సు పని నేర్చుకుంది, అక్కడి బడిపంతులును చేసుకుంటానంది. ఆమె తండ్రి దానయ్య ఒప్పుకున్నాడు. కానీ బామ్మర్దికి ఆ మాట చెప్పడానికి నోరు రాలేదు. చాటింపు చదివితే వాడికే తెలుస్తుందిలే అని మొదటి ఆదివారం పేర్లు ఇచ్చేశాడు! యాకోబుకు కాలువ గట్టు మీద పరాయివాళ్లు చెబితే తెలిసింది.

వాడి ఇల్లు వర్నిలో బస్సు ఆగేచోటుకు దగ్గరే. ముందు వాణ్ణి పట్టుకుందామని అక్కడ దిగాను. మరదలు ఒక్కతే ఉంది.

"నిన్ననే పోయిండు వదినె. తెల్లటి ఇస్త్రీ అంగీ తొడుక్కొని పోయిండు. రెండు వారాలసంది నాతోని సుత మాట్లాడ్తలేడు."

చాయ్ కూడా తాగకుండా తర్వాతి బస్సు కోసం నిలబడ్డాను. అది వచ్చేసరికి ఎండ నడినెత్తికెక్కింది. దారి పొడుగునా నిజాంసాగర్ నీళ్లు పారే వరి మళ్లు, చూడముచ్చటగా ఉంటాయి. ఆనాడు మాత్రం నా కండ్లు ఎదురొచ్చే ప్రతి తెల్ల అంగీనీ వెతికాయి.

బాన్సువాడలో మార్త అన్నం, పచ్చిపులుసు పెట్టింది. తమ్ముడు వాళ్ల గడప తొక్కలేదట, చర్చి వరండాలో పడుకుంటున్నాడట. చుట్టాలు లేనివాళ్లు అక్కడ పడుకోవచ్చు, అయ్యగారు చాప ఇప్పిస్తారు.

"పోయి ఒక్క మాట అడుగరాదు దానయ్యా?" అన్నాను.

"ఇప్పుడు ఏం మొఖం పెట్టుకొని అడగాలె వదినె?" అని తల దించుకున్నాడు. సుగుణ తలుపు వెనక నిలబడి అంతా వింటోంది.

నేనే పోయాను. వరండాలో చాప ఉంది, వాడు లేడు.

ఆదివారం రెండో గంట కొట్టేసరికి చర్చి నిండింది. చెప్పులు బయటే. ఎడమ పక్క మగవాళ్లు, కుడి పక్క ఆడవాళ్లు చాపల మీద కూర్చుంటారు. యాకోబు మూడో వరుస చివర నిక్కి కూర్చున్నాడు. మోకాళ్ల మీద ప్రార్థన అయింది, పాఠాలు చదివారు. తర్వాత కీర్తన ఎత్తుకున్నారు. అది అయిపోగానే చాటింపు.

నేను లేచి నడవ దాటి మగవాళ్ల వైపు పోయాను.

"ఏందమ్మా గిది! మొగోళ్లల్ల కూసుంటదా?" అని వెనక ముసలామె గొణిగింది. నేను తమ్ముడి పక్కన కూర్చున్నాను.

"నన్ను ఆపకు అక్కా."

"ఆపనీకి రాలేరా. నీ పక్కకు కూసోనీకి వచ్చిన."

అయ్యగారు పేర్లు చదివారు. "ఇది మూడోసారి, చివరిసారి. న్యాయమైన అడ్డు తెలిసినవారు ఇప్పుడే చెప్పాలి" అన్నారు.

యాకోబు లేచాడు. మార్త కొంగు నోట్లో కుక్కుకుంది.

"అయ్యగారూ, పిల్ల మేనమామను ఎవ్వరన్న అడిగిండ్రా?"

అయ్యగారు కృష్ణా వైపు మనిషి, పెద్దాయన. పుస్తకం మూసి, "అడగలేదేమో నాయనా. ఇప్పుడు నేను అడుగుతున్నాను. న్యాయమైన అడ్డు ఉందా?" అన్నారు.

వాడు ఆడవాళ్ల వైపు చూశాడు. సుగుణ కూడా లేచి నిలబడింది. ఏడవలేదు, తల దించలేదు. వాడు అయ్యగారి వైపు తిరిగాడు.

"అడ్డేం లేదు. నన్ను అడగలే, గంతే" అని కూలబడ్డాడు.

మా చర్చిలో ప్రసంగం తర్వాత సమాధానం, అంటే శాంతి, అందించుకుంటారు. సంఘపెద్ద అయ్యగారి చేతుల నుంచి అందుకొని వరుసల్లోకి తెస్తాడు, ఒకరి చేతులు ఒకరు పట్టుకొని పక్కవాళ్లకు అందిస్తారు. ఆనాడు తెచ్చింది దానయ్యే. తమ్ముడి ముందుకు వచ్చి ఆగిపోయాడు. తర్వాత వాడి రెండు చేతులూ పట్టుకున్నాడు.

"ముందుగాల నిన్నే అడగాలె యాకోబూ. భయపడ్డ."

వాడు చేతులు లాక్కోలేదు. ఆరాధన ముగియగానే భోజనానికి కూడా ఆగకుండా బస్టాండు దారి పట్టాడు. నేను వెనకాలే పరుగెత్తాను.

ఒంటిగంట బస్సు దొరికింది. వర్ని దగ్గరపడుతుండగా అడిగాడు.

"పెండ్లినాడు పిల్లను గుళ్లెకు ఎవరు తోల్కపోతరక్కా?"

"వాళ్ల నాయన. చెయ్యి పట్టుకొని."

"ఇంకో చెయ్యో?"

"నాకేం ఎర్కరా. పోయి నువ్వే అడుగు" అన్నాను.

వర్నిలో దిగాడు. ఇంటి వైపు నాలుగు అడుగులు వేసి ఆగాడు. మా బస్సు కదిలింది. వెనక్కి తిరిగి చూస్తే, వాడు రోడ్డు దాటి, బాన్సువాడ బస్సులు ఆగే వైపున నిలబడి అంగీ సర్దుకుంటున్నాడు.