పప్పు నానేంత దూరం

పొద్దున నానబోసిన పొట్టు మినప్పప్పు వాసన వంటింట్లోంచి వస్తోంది. ఇవాళ ఇంట్లో ఇడ్లీ తినడానికి నేను తప్ప ఎవరూ లేరు. అయినా నానబోశాను. ఆ వాసన తగిలితే మా పక్కింటి సుగుణ పిన్ని వచ్చి గడప మీద కూర్చున్నట్టే ఉంటుంది.

మాది పాలకొల్లు దగ్గర పల్లె. మా ఆయన పోయాక కువైట్‌లో ఒకరింట్లో వంటపనికి కుదిరాను. నాలుగేళ్ల నా కూతురు దుర్గను తాను చూసుకుంటానంది పిన్ని. ఆవిడ అంతకుముందే ఆ దేశంలో పనిచేసి వచ్చిన మనిషి. మూడువేల కిలోమీటర్ల పైమాటేనని ఏజెంటు గారు చెప్పింది మొదలు నాకు అన్నం సహించలేదు. రాజమండ్రి దాటి ఎరగనిదాన్ని, మూడువేలంటే ఎంతని అనుకోను?

"కిలోమీటర్లు నీకెందుకే, నడిచెళ్తావా ఏంటి?" అంది పిన్ని. "నువ్వు హైదరాబాద్‌లో విమానం ఎక్కేటప్పుడు నేనిక్కడ పప్పు నానబోశాననుకో. అది నానేసరికి కువైట్‌లో దిగిపోతావ్."

"మరి హైదరాబాద్ దాకానో?"

"అదే అసలు దూరం! బస్సులో పిండి పులిసేంత సేపు పడుద్ది."

ఏడుస్తూనే నవ్వేశాను. విమానంలో కళ్లు మూసుకుని ఆ గిన్నెనే తలుచుకున్నాను. గింజ ఉబ్బుతోంది, పొట్టు వదులవుతోంది అనుకుంటుండగానే దిగమన్నారు.

రెండేళ్లకు సెలవు దొరికింది. అప్పటికి నా భయం దూరం గురించి కాదు. ఫోన్‌లో దుర్గ ఒకసారి నన్ను "ఆంటీ" అంది. పిల్ల నా దగ్గరికి వస్తుందా, రాదా?

అమ్మ విమానం ఎక్కిందని, పప్పు నానేసరికి దిగిపోతుందని పిన్ని చెప్పగానే దుర్గ తన గ్లాసులో గుప్పెడు పప్పు నానబోసిందట. పప్పు నానింది, అమ్మ రాలేదు. బస్సు సంగతి దానికెవరు చెప్పారు? ఇక రాదని ఒకటే ఏడుపట. పిన్ని ఆ గుప్పెడు పప్పునూ తన పప్పులో కలిపి రుబ్బి, "ఇది పొంగేసరికి వచ్చేస్తదే" అని ఊరుకోబెట్టిందట.

తెల్లారి నేను గుమ్మంలోకి వచ్చేసరికి పిల్ల పిన్ని చీర వెనక దాక్కుంది. చాక్లెట్లు చూపించాను. చూడనైనా లేదు.

"అవి లోపల పెట్టవే," అంది పిన్ని నెమ్మదిగా. "ఆకలేస్తుందని చెప్పు."

"దుర్గా, ఆకలేస్తుందమ్మా," అన్నాను.

అది గబగబా వంటింట్లోకి వెళ్లి, రెండు చేతులతో పళ్లెం పట్టుకుని వచ్చింది. "తిను. నేను నానబోసిన పప్పే," అంటూ పళ్లెం నా ముందు పెట్టి అల్లంత దూరంలో కూర్చుంది. రెండో ఇడ్లీ తింటుండగా నా మోకాలికి దాని తల తగిలింది. పిన్ని చట్నీ తెస్తానని లోపలికి వెళ్లి, చాలాసేపటి దాకా బయటికి రాలేదు.

ఇప్పుడు పిన్ని లేదు. దుర్గ నర్సయ్యింది. ఈ పొద్దున్నే హైదరాబాద్‌లో విమానం ఎక్కింది, అదే కువైట్‌కి. "ఫోన్‌లో విమానం బొమ్మ కదులుతుంటదమ్మా, చూస్తా ఉండు," అని చెప్పి వెళ్లింది. చూశాను. అది కదిలినట్టే లేదు.

గిన్నెలోంచి ఒక గింజ తీసి గోటితో నొక్కాను. లోపల ఇంకా పలుకుంది.

ఇంకా గాల్లోనే ఉంది నా తల్లి.