ఇంజను ఆగాక నీళ్లు చిలికిందెవరు?

నమ్మకపోతే మానెయ్యండి. బతిమాలను. కానీ మధ్యలో నవ్వితే మాత్రం అక్కడితో ఆపేస్తాను. ఇది ఎవరో చెబితే విన్నది కాదు, సినిమాలో చూసింది అసలే కాదు. మోపిదేవి స్వామి గుడి వైపు తిరిగి చెబుతున్నాను... ఈ రెండు చెవులతో విన్నాను. కళ్లతో చూశావా అంటే... అక్కడే వచ్చింది చిక్కు.

తొంభైల చివరి మాట. నేను బందరులో డిగ్రీ చదువుతున్నాను. దివిసీమకి రొయ్యల పిచ్చి పట్టి ఉన్న రోజులవి. పచ్చని వరి చేలని తవ్వి చెరువులు చేసేశారు. నాగాయలంక అవతల మా రత్నం పిన్నికీ బాబాయికీ కూడా ఒక చెరువు ఉండేది. అంతకుముందు పంట తెల్లమచ్చ రోగంతో మొత్తం పోయింది. ఇది కూడా పోతే చెరువు అమ్మేసుకోవాలి. బాబాయి గుడివాడ వెళ్లి ఎవరి కొట్లోనో గుమాస్తాగా చేరాలి. ఆ మాట ఇంట్లో ఎవరూ పైకి అనేవారు కాదు. అన్నం తింటూ కూడా చెరువు వైపే చూసేవారు.

నేను సెలవులకని వెళ్లాను. రొయ్య బాగా ఎదిగింది. ఇంకో నాలుగైదు రోజుల్లో పట్టుబడి, అంటే వలేసి పట్టి అమ్మేయడమే. ఐసు, లారీ మాట్లాడటానికి బాబాయి బందరు వెళ్లాడు. వస్తూ డీజిల్ తెస్తానన్నాడు. చీకటి పడినా రాలేదు. చెరువు గట్టు మీది కాపలా పాకలో ఆ రాత్రి మేం ముగ్గురమే. పిన్ని, నేను, కాపలా ఉండే ఏసోబు.

మా పిన్ని గురించి కొంచెం చెప్పాలి. అలాంటి మనిషిని నేను మళ్లీ చూడలేదు. బందరులో దెయ్యం సినిమా ఆడుతోందంటే చాలు, మధ్యాహ్నం ఆటకి బస్సెక్కేసేది. హాల్లో మగాళ్లు కూడా కళ్లు మూసుకునే చోట ఈవిడ పకపకా నవ్వేది. ఇంటికొచ్చాక ఆ సినిమా మాకు చెప్పేది... తలుపు కిర్రుమనడం, కుక్క ఏడవడం, అన్నీ తనే. సినిమా కన్నా అదే బాగుండేది. నేను ఒకటి రెండు సినిమాలు తర్వాత వెళ్లి చూసి, పిన్ని చెప్పినంత లేదని నిరాశపడ్డాను కూడా.

ఆ రాత్రి కూడా ఒక సినిమా మొదలుపెట్టింది. సగంలో ఆపి తనే విసుక్కుంది.

"అది కాదురా. ఆ దెయ్యం చీర చూడాలి, మల్లెపువ్వులా మెరిసిపోతోంది. అది చచ్చి ఇరవై ఏళ్లయిందంట! ఎవరు ఉతుకుతున్నారు? నీలిమందు ఎవరు పెడుతున్నారు? ఇక్కడ నాకు రెండు చీరలకే బురద వదిలి చావట్లేదు."

"అట్టా ఎగతాళి చెయ్యకండమ్మగారూ, వింటాయి" అన్నాడు ఏసోబు. వెలుగున్నప్పుడు ఎవరినైనా ఎదిరించే మనిషి. పొద్దుగూకితే మాత్రం మా ఇద్దరి మధ్యలో కూర్చునేవాడు.

"వింటే విననీ. ఇంకోటి చూశావా, దెయ్యాలన్నీ పెద్ద పెద్ద బంగళాల్లోనే ఉంటాయి. మన పాకలోకి ఒక్కటీ రాదేం? దోమలకి జడిసి!"

తర్వాత బజ్జీలు కట్టించుకొచ్చిన పేపరు ముక్క సాపు చేసి, దీపం దగ్గర పెట్టి చదివింది. పక్క జిల్లాలో ఎక్కడో కుట్టుమిషను అర్ధరాత్రి దానంతటదే తిరుగుతోందట. ఊరంతా వచ్చి దణ్ణాలు పెట్టి కొబ్బరికాయలు కొడుతున్నారట.

"వెర్రి మొహాలు. కొబ్బరికాయలెందుకు? నాలుగు జాకెట్లిచ్చి రావాల్సింది" అంది పిన్ని.

నవ్వి నవ్వి నాకు పొట్ట నొప్పి పుట్టింది. ఏసోబు మాత్రం పైకి చూసి ఏదో గొణుక్కున్నాడు.

ఇక్కడ ఒక సంగతి తెలియాలి మీకు. రొయ్యకి గాలి కావాలి. చెరువు మధ్యలో రెక్కల చక్రాలు రాత్రంతా తిరుగుతూ నీళ్లు చిలకాలి. ఉక్కపోసే రాత్రి అవి ఆగాయా... తెల్లారేసరికి రొయ్యంతా పైకి తేలి చచ్చిపోతుంది. అందుకని చెరువుల మీద పడుకునేవాళ్లకి ఒక అలవాటు ఉంటుంది. నీళ్ల చప్పుడు వింటూ నిద్రపోతారు. అది ఆగిందా, ఎంత గాఢనిద్రలో ఉన్నా దిగ్గున లేస్తారు. అందరికీ అలారం మోగితే మెలకువ వస్తుంది. వీళ్లకి ఆగిపోతే వస్తుంది.

ఆ రోజు సాయంత్రమే కరెంటు పోయింది. ఏసోబు ఆయిల్ ఇంజను వేశాడు. చక్రాలు తిరుగుతున్నాయి... చళ్... చళ్... చళ్... ఆకు కదలట్లేదు. మేం ఒంటి నిండా చెమటతోనే పడుకున్నాం.

నాకు మెలకువ ఎందుకొచ్చిందో సిగ్గు విడిచి చెబుతాను. పిన్ని కథ విన్నాక ఒంటేలుకి బయటికి వెళ్లే ధైర్యం లేక బిగబట్టుకుని పడుకున్నాను. అదీ కారణం. కళ్లు తెరిచాను. దీపం ఆరిపోయి ఉంది. బయట నీళ్ల చప్పుడు... చళ్... చళ్... హమ్మయ్య అనుకున్నాను.

కానీ ఏదో తేడాగా ఉంది.

అలాగే పడుకుని విన్నాను. నీళ్ల చప్పుడు ఉంది. కప్పల అరుపు ఉంది. ఏసోబు గురక ఉంది... ఇంజను చప్పుడు లేదు.

మళ్లీ విన్నాను. ఊపిరి బిగబట్టి విన్నాను. టకటకమని చెవులు తినేసే ఇంజను... లేదు. ఎప్పుడు ఆగిందో తెలియదు. ఇంజను లేకపోతే చక్రాలు తిరగవు. చక్రాలు తిరగకపోతే నీళ్లు...

గుమ్మంలో ఎవరో కూర్చుని ఉన్నారు.

దిగ్గున లేవబోయాను. "నేనేరా" అంది పిన్ని, చాలా మెల్లగా. "లేవకు. చప్పుడు చెయ్యకు."

"ఇంజను..."

"డీజిల్ అయిపోయినట్టుంది. నేను లేచేసరికే ఇట్టా ఉంది."

టార్చిలైటు వేసింది. బ్యాటరీలు అరిగి పసుపు వెలుతురు వస్తోంది. అది నీళ్ల మీద పాకుతూ పాకుతూ మధ్యకి వెళ్లింది. చక్రాలు కనిపించాయి. కదలట్లేదు. రెక్కలు ఎండిపోయి ఉన్నాయి. అంటే ఆగి చాలాసేపయింది.

కానీ చప్పుడు వస్తూనే ఉంది. అవతలి గట్టు దగ్గర్నుంచి. యంత్రం చప్పుడులా ఒకే తీరుగా లేదు. ఒకటి ముందు... ఒకటి వెనక... కొందరు నడుములోతు నీళ్లలో వరసగా నిలబడి చేతులతో చిమ్ముతున్నట్టు. మా గట్టుకి అలలొచ్చి తగులుతున్నాయి. తెల్లగా నురగ కూడా.

ఏసోబు లేచాడు. చూశాడు. పారిపోతాడనుకున్నాను, కానీ అక్కడే కూర్చుని చర్చిలో పాడే పాట ఎత్తుకున్నాడు. పిన్ని అతని నోరు మూసేసింది.

"పాడకు. ఆపేస్తారేమో!"

"పిన్నీ... అక్కడ దెయ్యాలుంటే..."

"ఉంటే ఏంట్రా? పని చేస్తున్నారుగా."

ఆ మాటకి ఇప్పుడు నవ్వొస్తుంది. అప్పుడు రాలేదు. ఆవిడ చేతిలోని టార్చి వెలుతురు నీళ్ల మీద గెంతుతోంది. భయం లేని మనిషి అనుకునేవాడిని. కాదు. భయపడుతూనే చెయ్యాల్సింది చేసే మనిషి. అది తెలిసింది ఆ రాత్రే.

డీజిల్ క్యాను పక్క చెరువు కోటేశ్వరరావుగారి షెడ్డులో ఉంది. ఆయన పట్టుబడి అయిపోయి ఊళ్లోకి వెళ్లిపోయారు. తాళంచెవి చూరులో ఉంటుంది, కావాలంటే తీసుకోమని ముందే చెప్పారు. చిక్కల్లా ఒకటే. షెడ్డుకి దారి ఆ అవతలి గట్టు మీదనుంచే.

"ఏసోబూ, నువ్వు ఇంజను దగ్గరుండు. నువ్వు నాతో రారా" అంది పిన్ని. చెప్పులు విడిచేసింది. టార్చి ఆర్పేసింది.

"లైటు వెయ్యి పిన్నీ!"

"వద్దు. మొహాన లైటు కొడితే ఎవరికైనా బాగోదు."

నడిచాం. ఆవిడ ముందు, ఆవిడ కొంగు పట్టుకుని నేను. ఇరవై ఏళ్ల మగాడిని. బురద గట్టు, ఒక పక్క కోటేశ్వరరావుగారి ఖాళీ చెరువు, ఇంకో పక్క... చప్పుడు దగ్గరికొస్తోంది. చళ్... చళ్... ఇంకా దగ్గరగా. చెయ్యి చాస్తే అందేంత దగ్గరగా. నీటి చుక్కలు నా చెంప మీద పడ్డాయి. ఉప్పగా ఉన్నాయి. ఆ చెరువు నీళ్లెప్పుడూ ఉప్పే, అది సాక్ష్యం కాదు, నాకు తెలుసు. కానీ చల్లగా ఉన్నాయి. ఆ ఉక్కలో... ఐసులా.

అక్కడ పిన్ని ఆగింది.

చీకట్లోకి తిరిగింది. ఇంటికొచ్చిన చుట్టాలతో మాట్లాడే గొంతుతో అంది.

"కాసేపు ఆపకండమ్మా. డీజిల్‌కి వెళ్తున్నాం. ఇప్పుడే వచ్చేస్తాం."

చప్పుడు ఒక్క క్షణం తగ్గింది. ఒట్టు, తగ్గింది. తర్వాత... ఇంతకుముందు కన్నా గట్టిగా మొదలైంది.

నేను చూశాను. చూడకుండా ఎలా ఉంటాను? చుక్కల వెలుతురులో నీళ్లు లేస్తున్నాయి, పడుతున్నాయి. దోసిళ్లతో ఎత్తి పోసినట్టు లేస్తున్నాయి. దోసిళ్లు లేవు. మనుషులు లేరు. పిన్ని నా చెయ్యి పట్టి లాగింది.

క్యాను ఎలా తెచ్చామో గుర్తులేదు. తిరిగొచ్చేటప్పుడు పిన్ని దారంతా ఏడుస్తూ నడిచింది. చప్పుడు చెయ్యకుండా. అప్పుడు గుర్తొచ్చింది నాకు... ఈవిడ చిన్నపిల్లప్పుడు, దివిసీమని ఉప్పెన ముంచిన రాత్రి, తాడిచెట్టు కరుచుకుని తెల్లార్లూ ఉన్న మనిషి. తన ఇంట్లోవాళ్ల శవాలు కూడా దొరకలేదు. సినిమా దెయ్యాల్ని చూసి ఎందుకు నవ్వేదో నేనెప్పుడూ ఆలోచించలేదు.

ఏసోబు ఇంజనులో డీజిల్ పోసి, పైపులోని గాలి తీసి, హ్యాండిల్ తిప్పాడు. మొదటిసారి దగ్గింది. రెండోసారీ దగ్గింది. తర్వాత అందుకుంది. చక్రాలు కదిలాయి. రెండు చప్పుళ్లూ కలిసిపోయాయి. అవతలి చప్పుడు ఎప్పుడు ఆగిందో మేం ముగ్గురం కూడా చెప్పలేం.

తెల్లారాక చెరువు చుట్టూ తిరిగాం. గట్టు వారన ఏవో కాసిని రొయ్యలు తేలాయి. అంతే. మిగతా పంట బతికింది. పట్టుబడి రోజున లారీ నిండింది. బాబాయి గుడివాడ వెళ్లలేదు.

మర్నాడు ఇంటికొచ్చిన బాబాయి అంతా విని, నీటికుక్కలు అయి ఉంటాయి అన్నాడు. మడ అడవిలోంచి వస్తుంటాయి, నిజమే. కానీ రొయ్యల చెరువులో దిగి, ఒక్క రొయ్యనీ ముట్టకుండా, నీళ్లు చిలికి వెళ్లిపోయే నీటికుక్కల్ని ఎక్కడన్నా చూశారా? గాలందక రొయ్యలే ఎగిరాయి అన్నారు ఇంకొకరు. కావచ్చు. మేం నిద్రమత్తులో ఉన్నామన్నారు. ముగ్గురమూనా?

ఏసోబు ఊళ్లో ఊరుకోలేదు. వారం తిరక్కుండా అవనిగడ్డ నుంచి ఒక విలేకరి మోటారుసైకిలు మీద దిగాడు. వచ్చీ రాగానే, "రొయ్యల చెరువులో దెయ్యాల కూలీలు అని పెడదామండీ, బాగుంటుంది" అన్నాడు. ఇలాంటి వార్తలంటే చెవి కోసుకునే పిన్ని, నోరు విప్పితే ఆ పేపరంతా తనదే అయ్యే పిన్ని, అతనికి టీ ఇచ్చి ఒకటే మాట అంది.

"అబ్బే, నీటికుక్కలండీ."

అతను వెళ్లాక నేను ఉండబట్టలేక అడిగాను.

"నాకైనా నిజం చెప్పు పిన్నీ. ఎవరు వాళ్లు?"

పిన్ని టీ గ్లాసు కడుగుతోంది. ఇటు తిరగకుండానే అంది.

"తెలిస్తే ఒట్టి కడుపుతో పంపేదాన్నేంట్రా? పేరు పెట్టి పిలిచి, ఇంత అన్నం పెట్టేదాన్ని."