ఈగలకు ఉల్లిగడ్డ

ఆ రోజుల్లో, అంటే రాష్ట్రం వచ్చిన కొత్తలో, ఎమ్మెస్సీ చదివే పిల్లకు లోకంలో తనకన్నా తెలివైనవాళ్లు లేరని గట్టి నమ్మకం ఉండేది. (ఇప్పటి పిల్లలకూ ఉంది, నాకే పోయింది.) నేను నల్లగొండలో జన్యుశాస్త్రం చదువుతూ, మాగిన అరటిపండ్ల మీద ముసిరే చిన్న ఈగల మీద ప్రాజెక్టు చేస్తున్నాను. సంగతి ఇదీ. ఈగకు ఒక్కసారిగా వేడి తగిలితే ఒంట్లో మిగతా పనులు చాలావరకు ఆగిపోయి, కొన్ని జన్యువులు మాత్రం లేచి కూర్చుని, ప్రాణం కాపాడే ప్రోటీన్లు చేయిస్తాయి. వాటిలో ముఖ్యమైన జన్యువుకు ఒకే క్రోమోజోమ్ మీద, దగ్గర దగ్గరగా రెండు చోట్ల నకళ్లున్నాయి. ఒక చోటనైతే రెండు నకళ్లు, మాటల్లేని మా ఇద్దరు చిన్నమ్మల్లాగా, చెరో దిక్కుకు మొహం తిప్పుకుని ఉంటాయి. ఇంటికి ఆపదొస్తే మాత్రం ఇద్దరూ ఒకేసారి లేచి ఒకే పని చేస్తారు. అలా పని మొదలైనప్పుడు క్రోమోజోమ్ ఆ రెండు చోట్లా పూరీలా ఉబ్బుతుంది. వేడి తగిలిన ఈగపిల్లలో, అంటే ఇంకా రెక్కలు రాని పురుగులో, ఆ ఉబ్బు ఉందనీ, చల్లగా పెరిగినదాంట్లో లేదనీ మైక్రోస్కోపులో చూపించాలి. అప్పుడే మార్కులు.

చిక్కల్లా పరీక్ష మే నెలలో రావడం. నల్లగొండ మే నెల! ల్యాబులో ఏసీ ఎప్పుడో కన్ను మూసింది. మేము వేడి పెట్టకముందే అందరి పురుగుల్లోనూ క్రోమోజోములు ఉబ్బి కూర్చున్నాయి. "చల్లటి పురుగు లేకపోతే దేంతో పోలుస్తారు? ప్రాజెక్టు లేనట్టే. మళ్లీ ఏడాది రాసుకోండి" అని మా ప్రాజెక్టు మేడం చేతులు దులుపుకుంది. అప్పుడు గుర్తొచ్చింది మా ఇంట్లో అవ్వ గుంటమగ్గం.

మాది మోత్కూరు దగ్గర నేతవాళ్ల ఇల్లు. మగ్గం కింద కాళ్లు పెట్టుకునే గుంట ఎంత ఎండలోనైనా చల్లగా ఉంటుంది. దారం తెగకుండా అవ్వ అక్కడ నీళ్లు కూడా చల్లుతుంది. నేను ఈగల సీసాలు పట్టుకుని వెళ్లి, గుంట మూలన తడి ఇసుకలో పెట్టాను.

"నా కాళ్లకాడ ఈగలేందే? థూ!" అంది అవ్వ.

"ఇవి గలీజు ఈగలు గాదవ్వా, సదువు ఈగలు."

"సదువుకున్నయైతే ఇంట్లకెందుకు తెచ్చినవ్? ఏం జేస్తవ్ వీటిని?"

"కొన్నిటిని చల్లగ ఉంచుత. కొన్నిటికి వడదెబ్బ కొట్టిస్త. లోపల ఏమైతదో చూస్త."

"నీ సదువు సల్లగుండ" అని అవ్వ మగ్గం మీదికి వంగింది. అయినా మనసు మెత్తన. రెండు రోజులు తిరక్కముందే "బువ్వ తింటున్నయానే?" అని సీసాలను పలకరించడం మొదలుపెట్టింది.

పరీక్ష రోజు నా ప్లాను పకడ్బందీగా ఉంది. చల్లటి సీసా తడి ఇసుక పోసిన థర్మోకోల్ డబ్బాలో వస్తుంది. రెండోది గుడ్డసంచిలో, బస్సు కిటికీ పక్కన, వడగాలికి వస్తుంది. మే నెల బస్సుకన్నా మంచి పొయ్యి ఏ ల్యాబులో ఉంది? నేను జడ వేసుకునేలోపు అవ్వే అన్నీ సర్దిపెట్టింది. దారి పొడుగునా నేను సంచిని కిటికీకి ఆనించి పట్టుకుని, పక్కన కూర్చున్నామె "నీడకు పెట్టుకో బిడ్డా" అన్నా వినలేదు.

ల్యాబులో సంచి విప్పితే అందులో మజ్జిగ సీసా! మోత్కూరు నుంచి నల్లగొండ దాకా నేను మజ్జిగకు వడదెబ్బ కొట్టించాను. డబ్బా తీస్తే ఈగల సీసాలు రెండూ చల్లగా, పక్కపక్కనే, ఒక్కోదానికి ఒక్కో ఉల్లిగడ్డ తోడుగా పడుకుని ఉన్నాయి. వరండాలోకి పరుగెత్తి అవ్వకు ఫోను చేశాను.

"ఏం జేసినవే అవ్వా!"

"ఒక కంట్ల ఎన్న, ఒక కంట్ల సున్నమా? నోరులేని పానాలు. ఉల్లిగడ్డ ఉంటె వడదెబ్బ కొట్టదు, జర వాటి పక్కనే ఉంచు. మజ్జిగ తాగినవా?"

లోపల, వేరే యూనివర్సిటీ నుంచి వచ్చిన ఎగ్జామినర్ చిర్రుబుర్రులాడుతున్నాడు. "అన్నీ ఉబ్బినవే! ఒక్కరి దగ్గరా చల్లటిది లేదా?" నా వంతు వచ్చింది. డబ్బా ఆయన ముందు పెట్టాను.

"సార్, రెండూ చల్లగానే ఉన్నాయి."

"మరి ఈ ఉల్లిగడ్డలేమిటి?"

ఏం దాచి ఏం లాభం? మొత్తం చెప్పేశాను. క్లాసంతా నవ్వింది. ఆయన నవ్వలేదు. ఒక సీసా తీసి కిటికీ బయట గోడ మీద పెట్టించాడు. అరగంటకు దాంట్లోంచి ఒక పురుగును కోసి చూస్తే రెండు చోట్లా బ్రహ్మాండంగా ఉబ్బు! చల్లటిదాంట్లో ఏమీ లేదు. "వేడి అందరూ తెచ్చారమ్మా, చల్లదనం నువ్వొక్కదానివే తెచ్చావు" అని సంతకం పెట్టాడు. మధ్యాహ్నం ఎండలోకి దిగబోతూ వెనక్కి వచ్చి, డబ్బాలోంచి ఒక ఉల్లిగడ్డ తీసి ప్యాంటు జేబులో వేసుకున్నాడు. అప్పుడు నవ్వాడు.

పాసయ్యానని చెబుదామని పరుగున ఇంటికి వెళితే, అవ్వ మార్కుల ఊసే ఎత్తలేదు. "పానం మంచిగున్నదా వాటికి?" అంది. "మంచిగున్నయి అవ్వా" అన్నాను. (కోసిన సంగతి ఇప్పటికీ చెప్పలేదు.)

ఇప్పుడు నేను మహబూబ్‌నగర్‌లో పాఠాలు చెబుతున్నాను. వేడి జన్యువుల పాఠం రోజున, ఉల్లిగడ్డకు వడదెబ్బ ఆపే శక్తి ఉందనడానికి ఆధారం లేదని పిల్లలకు గట్టిగా చెబుతాను. మొన్న బోర్డు మీద రెండు ఉబ్బులు గీసి, చెమట తుడుచుకుందామని హ్యాండ్‌బ్యాగులోంచి రుమాలు లాగాను. దాంతోపాటు ఉల్లిగడ్డ జారి, దొర్లుకుంటూ పోయి మొదటి బెంచీ కింద ఆగింది. క్లాసంతా ఒకటే నవ్వు. ఆ రోజు ల్యాబులో తల దించుకున్న పిల్ల గుర్తొచ్చి నేనూ నవ్వాను. తర్వాత వంగి, ఉల్లిగడ్డ తీసుకుని, దుమ్ము తుడిచి మళ్లీ బ్యాగులోనే వేసుకున్నాను.