ఝరాసంగం గట్టు మీది అడవి కుసుమ

ఫిబ్రవరి 1983, జహీరాబాద్.

రేపు మా మునిమనవరాలి తొట్టెల, పాపను తొలిసారి ఉయ్యాలలో వేసే వేడుక. గుడ్డకు రంగునిచ్చే అడవి కుసుమ పువ్వు ఎక్కడ దొరుకుతుందని బంధువులు అడుగుతున్నారు కనుక, రంగు వేసిన గుడ్డ ఆరేలోపు ఇది రాస్తున్నాను. మనవరాలు సుజాతకు ఈ పాప కంటే ముందు పుట్టిన ఇద్దరూ తొట్టెల దాకా నిలవలేదు. అందుకే ఈ పాపను ఒడిలోంచి దించడం లేదు, కూర్చునే కునుకు తీస్తోంది. "మనింటి ఆనవాయితీ పువ్వు రంగు గుడ్డ పరిస్తెనే పండబెడ్త, అమ్మమ్మా" అంది. బజారు గుడ్డ చాలునన్నాను. వినలేదు.

తెల్లవారుజామున అయిదున్నర బస్సెక్కాను. టికెట్టు రెండు రూపాయల లోపే. కిటికీ అవతల జొన్నచేలు మంచులో తేలిపోతున్నాయి. ఝరాసంగంలో దిగి ఎర్రమట్టి బాటన అరగంట నడిచేసరికి పొద్దు పొడిచింది. శనగచేను గట్టు పొడవునా, ఎవరూ విత్తని, ఎవరూ నీళ్ళు పోయని ముళ్ళపొదలు. చామంతి జాతే. కొమ్మకొమ్మకూ పసుపు కుచ్చు, ముల్లుముల్లుకూ ఒక మంచుబొట్టు. తేనెటీగల సవ్వడిలో ఆ గట్టు మెల్లగా ఊపిరి పీలుస్తున్నట్లు తోచింది. ఎందుకు వచ్చానో కాసేపు మరిచాను.

"ఎవలమ్మా, నా గట్టు మీద?" అంటూ చేను గల శంకరమ్మ వచ్చింది. సంగతి చెప్పి పర్సు తీశాను.

"తొట్టెలకా? అయితే పైసలు లోపల పెట్టున్రి. కొన్న పువ్వు తొట్టెలకు రాదు. కొంగు పట్టి అడగాలె."

"ఊరికే తీసుకునే అలవాటు నాకు లేదు."

"పంతులమ్మ తీరున్నరు. జర కొంగు పట్టనీకి గింత సిగ్గా? మంచు ఆరితే ముండ్లు గట్టిపడ్తయి, మీ ఇష్టం!"

ఎవరి ముందూ కొంగు పట్టిన మనిషిని కాను. ఎండ గట్టెక్కుతోంది. ఒడిలో పాపతో కూర్చున్న సుజాత కళ్ళలో మెదిలింది. కొంగు పట్టాను. "మా పిల్లకు పువ్వియ్యి, తల్లీ" అన్నాను. గొంతు నాది కాదనిపించింది. శంకరమ్మ నవ్వలేదు. చేతికి గుడ్డ చుట్టుకుని రేకలు తెంపి దోసిళ్ళతో పోసింది. "సల్లగుండాలె" అంది.

తిరుగు బస్సులో కొంగు విప్పలేదు. ఆ పచ్చి వాసనకు కళ్ళు మూతపడ్డాయి. అడిగి తెచ్చుకున్నదానికి ఇంత బరువుంటుందని నాకు తెలియదు. వెళ్ళేవారు మొదటి బస్సుకే వెళ్ళండి, మంచు ఉండగానే పని కావాలి.

ఇక జరగవలసినవి:

1. గుడ్డ నీడలోనే ఆరాలి.
2. తొట్టె తాళ్ళు ఇంకోసారి లాగి చూడాలి.
3. పాపను నేను అందుకోకూడదు. ఎంతసేపు పట్టినా సరే, సుజాతే తొట్టెలో దించాలి.