తెర మీద కాళ్ళు మాత్రమే కనిపించిన మా డాన్స్ సార్

మొన్న సోమవారం పొద్దున మా డాన్స్ సార్ పోయారు. మర్నాడు మహారాష్ట్రలోని మా చంద్రపూర్ పేపర్లో నాలుగు లైన్లు వేశారు, బొంబాయిలో ఒక హీరో దగ్గర పనిచేసిన మనిషి అని. ఆయన డాన్సు సంగతి ఎందుకు రాయలేదని ఫోన్ చేసి అడిగితే, "హీరో పేరుంటేనే చదువుతరు అక్కా" అన్నాడు పేపర్ ఆఫీసులో ఒకతను. నాకు కోపం ఇంకా దిగలేదు. అసలు సంగతి నేను రాస్తాను.

సార్ వాళ్ళ నాన్న తెలంగాణ నుంచి వచ్చి ఇక్కడి పద్మాపూర్ బొగ్గు గనిలో చేరారు. అక్కడి క్లబ్బులో ఒకసారి పాత అమెరికా సినిమా వేశారట. అందులో ఇద్దరు నల్లజాతి డాన్సర్లు బూట్లతో నేలను తబలాలా వాయించారు. ఆ డాన్సు పేరు ట్యాప్. అది చూసొచ్చి సార్ తన బడి బూట్లకు ఇనప ముక్కలు కొట్టించుకున్నారు.

మాకు నేర్పేటప్పుడు కళ్ళు మూసుకుని మా బూట్ల చప్పుడు వినేవారు. "నీ ఎడమ మడమ అబద్ధం చెప్తున్నదే" అనేవారు. మధ్యలో ఆ డాన్సర్ల బతుకు చెప్పేవారు.

"స్టేజీ మీద ఆడితే చప్పట్లు కొట్టిన్రు. ఆట అయినంక హోటల్ల పక్కన కూసోనియ్యలే. సినిమాల వాళ్ళ డాన్సును కథతోని కలపకుండ ఇడిగా తీసిన్రు. ఎందుకో ఎర్కేనా? నల్లోళ్ళను మేం చూడం అనే ఊర్లల్ల ఆ ముక్క కోసి పారేసెటందుకు!"

ఆయనకూ అదే జరిగింది. బొంబాయిలో ఒక సినిమాలో హీరో బదులు ఆడారు. కాళ్ళు సార్‌వి, ముఖం హీరోది. పేరు వేయమంటే, "నీ కాళ్ళు సాలు, ఈ రంగు మొఖం ఎవరు చూస్తరు?" అన్నారట. తిరిగొచ్చి ఒక రేకుల షెడ్డులో చెక్కలు పరిచి మాకు నేర్పారు.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా ఒక పెద్ద ఫంక్షన్‌కు పిలిచారు. రిహార్సల్‌లో నిర్వాహకుడు నన్ను చూపించి, "ఈమెను వెనక పెట్టుండ్రి. ఫొటోలకు ముందర తెల్లగున్నోళ్ళు ఉండాలె" అన్నాడు. సిగ్గుతో నేనే వెనక్కి జరిగాను. సార్ నా చెయ్యి పట్టి ఆపారు.

"నువ్వెందుకు జరుగుతున్నవ్? చూడలేకుంటే గాయిన్నే బయటికి పొమ్మను."

"అయితే మీ ఐటం క్యాన్సిల్" అన్నాడాయన.

"చేసుకో" అన్నారు సార్. ఎనిమిది మందిమి బూట్లు టకటకలాడిస్తూ హాలు దాటి వచ్చేశాం.

ఒక్క పిల్ల కోసం మా పిల్లల చాన్సు చెడగొట్టినవని తల్లిదండ్రులు గొడవపడ్డారట. సగం మంది మానేశారు. ఈ మాట సార్ నాకెప్పుడూ చెప్పలేదు. ఏళ్ళ తర్వాత ఆయన భార్య చెప్పింది. ఆ ఫంక్షన్ తర్వాత నేను ఎక్కడా వెనక వరుసకు పోలేదు.

ఆ సోమవారం మధ్యాహ్నం సార్‌ను పాడె మీద పడుకోబెట్టారు. చుట్టాల్లో ఒకాయన పద్ధతి ప్రకారం రెండు కాళ్ళ బొటనవేళ్ళూ కలిపి దారంతో కట్టబోయాడు. సార్ భార్య వంగి అతని చెయ్యి పట్టుకుంది.

"గట్టిగ కట్టకు బిడ్డా" అంది.

అతను దారం వదులు చేశాడు. పాడె లేచింది. పక్కనే నడుస్తున్నాను. ఒక్కో అడుగుకూ సార్ పాదాలు కొంచెం కొంచెం కదులుతున్నాయి.